రంగత్‌లో ఐస్ లెక్క

చేపల బండి రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరాలంటే రమారమి 170 కిలోమీటర్లు. మన కోస్తాలో అయితే కాకినాడలో టిఫిన్ చేసి బయల్దేరి విశాఖలో భోజనానికి అందుకునే దూరం. అండమాన్‌లో ఆ లెక్క పనికిరాదు. దారిలో జారవా అనే ఆదిమ తెగవాళ్ల అడవి ఉంది. అడవికి రెండు కొసలా గేట్లున్నాయి. గేట్లు తెరిచే వేళలున్నాయి, ఆ వేళకు బండ్లన్నీ కలిసి కాన్వాయ్‌గా వెళ్లాలి. అది కాక ఒక జలసంధి దగ్గర బండిని పంటు మీదకి ఎక్కించి దాటించాలి. రాత్రిపూట ఆ దారిన బండ్లు నడవవు. చివరి కాన్వాయ్ తప్పిపోతే ఆ చేపలు తెల్లారేదాకా ఉన్నచోటే ఉండాలి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. దారిలో నాకు తగిలినవాళ్లంతా ఇంకా పాత పేరే వాడుతున్నారు కాబట్టి నేనూ అదే రాస్తున్నాను.

ఫిబ్రవరిలో నేను రంగత్ వెళ్లింది ఒక చిన్న కంపెనీకి క్వాలిటీ మాన్యువల్ రాసిపెట్టడానికి. శ్రీకాకుళం తీరం నుంచి రెండు తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం దాన్ని నడుపుతోంది. రంగత్ బేలోనూ ఎర్రాటా జెట్టీ దగ్గరా పడవలవాళ్ల నుంచి సూర, కోనెం కొంటారు. ఐస్ పరిచి, పెట్టెలకెత్తి పోర్ట్ బ్లెయిర్ పంపుతారు. అక్కడి నుంచి సరుకు చెన్నై వెళ్తుంది. చెన్నైలో ఒక పెద్ద కొనుగోలుదారు, మీ మాన్యువల్ చూపిస్తే తప్ప ఏడాది ఒప్పందం రాయనన్నాడు. వీళ్ల దగ్గర మాన్యువల్ లేకపోలేదు. ఎవరో సలహాదారు ఇచ్చిన లావుపాటి పుస్తకం ఉంది. రొయ్యల శుద్ధి గురించి అందులో పెద్ద అధ్యాయమే ఉంది. వీళ్లు రొయ్యలు ముట్టుకోరు. రవాణా గురించి మాత్రం ఒక్కటే వాక్యం: వాహనం నిర్ణీత సమయంలో గమ్యస్థానం చేరవలెను. అందుకే, ఆఫీసులో కూర్చుని ఏమీ రాయను, ముందు ఆ బండి వచ్చే దారిలో నన్ను రంగత్ తీసుకెళ్లండని యజమానిని అడిగాను. ఆయన నాకంటే పదేళ్లు చిన్న. నన్ను ‘అన్నగారూ’ అంటాడు. ఖాళీగా తిరిగి వెళ్తున్న బండిలోనే చోటిచ్చాడు.

జిర్కాటంగ్ గేటు దగ్గర చీకటితోనే బండ్లు బారులు తీరాయి. బస్సులు, టాక్సీలు, సిమెంటు లారీలు, కోళ్ల వ్యాన్లు. కాగితం మీద పేర్లు, బండి నంబరు రాసి ఇవ్వాలి. పోలీసులు చూసి ముద్ర వేస్తారు. అక్కడి బోర్డులో నిబంధనలు సూటిగా ఉన్నాయి: గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, ముందు బండిని దాటకూడదు, ఎక్కడా ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. ఆ నిబంధనలు ఎందుకో మా డ్రైవరుకు పూర్తిగా తెలుసు. జారవాలకు మన జలుబు, మన తట్టు కొత్త. వాళ్ల ఒంట్లో వాటికి అడ్డు లేదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ ఆ అడవిని వాళ్లకోసమే ఉంచింది. అసలు ఈ రోడ్డులో అడవి భాగాన్ని మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఆ అడవి మధ్యలోంచి చేపల పెట్టెలతో వెళ్లే హక్కు మనకు ఎంతవరకు ఉందన్న ప్రశ్న నన్ను గేటు దాటాక కూడా వదల్లేదు. సముద్రం మీదుగా పంపే వీలు ఉన్నంతవరకు ఓడలోనే పంపాలని నేను యజమానికి గట్టిగానే చెప్పాను. ఓడ దొరకని రోజున మాత్రం ఈ దారే గతి.

డ్రైవరు అద్దాలు ఎత్తేసి, సెల్‌ఫోను డ్యాష్‌బోర్డు అరలో పడేసి, దారి పొడవునా రోడ్డు మీదే చూపు నిలిపాడు. ఎవరూ కాపలా లేని మలుపులో కూడా వేగం 40 దాటలేదు. ఎందుకో తెలిసి పాటించే నిబంధనకి, బోర్డు మీద ఉంది కదా అని పాటించే నిబంధనకి తేడా చూడాలంటే ఇలాంటి మలుపు దగ్గరే చూడాలి.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర కాన్వాయ్ తెగుతుంది. అక్కడ బండ్లు పంటు ఎక్కి బారాటాంగ్ దీవికి దాటాలి. గోదావరి మీద పంట్లు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేం కాదు: బండ్లను అంగుళం సందు లేకుండా పేర్చే మనిషి, చక్రాల కింద చెక్కలు, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ జనం. నీళ్లకు రెండు పక్కలా మడ అడవి. బారాటాంగ్ అవతల హంఫ్రీ జలసంధి దగ్గర గాంధీఘాట్ నుంచి ఉత్తరా జెట్టీకి ఇదివరకు ఇలాగే రెండో పంటు ఉండేది. ఇప్పుడు ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు అనే పొడవాటి వంతెన వచ్చింది. వంతెన వచ్చాక వీళ్ల చేపలకు ఎంత సమయం కలిసొచ్చిందో చెప్పమంటే యజమాని తడుముకున్నాడు. డ్రైవరు మాత్రం, పంటు మీద రద్దీని బట్టి ఏ రోజు ఎంత ఆలస్యమయ్యేదో ఆగకుండా చెప్పుకుపోయాడు. అతని పక్క సీట్లో నేను రాసుకున్న కాగితాలే చివరికి మాన్యువల్లో మొదటి అధ్యాయం అయ్యాయి.

కదంతలా దాటాక ఊళ్ల పేర్లు మనల్ని పలకరిస్తాయి. దశరథ్‌పుర్, జనక్‌పుర్, మిథిల, శబరి, ఊర్మిళాపుర్, పంచవటి. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులను 1949 నుంచి అండమాన్ దీవుల్లో దఫదఫాలుగా దింపారు. వాళ్లు అడవి కొట్టి, పొలం చేసుకున్నారు. ఊళ్లకు రామాయణం పేర్లు పడ్డాయి. భద్రాచలం దగ్గరి పర్ణశాల చూసిన మనకి, సముద్రం మధ్యలో ఇంకో పంచవటి కనబడితే గుండెలో ఏదో కదులుతుంది. రంగత్ బజారు చిన్నదే. ఒక బస్టాండు, రెండు మూడు వీధులు, బెంగాలీ మిఠాయి కొట్టు, తమిళుల హోటలు, ఇనుప సామాన్ల అంగడి. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైనే. కాబట్టి అరటి గెల బేరం చేస్తుంటే వెనక నుంచి ఉత్తరాంధ్ర యాసలో ‘ఏ ఊరు బాబూ మీది?’ అని వినబడటంలో వింతేమీ లేదు.

ఆ యాసే రంగత్ బేలో ఐస్ దగ్గర పనిచేసే పెద్దాయనది కూడా. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన పని ఇంత: మధ్యాహ్నానికి పడవలు వస్తాయి, ఐస్ దిమ్మ పగలగొట్టాలి, చేపలు పెట్టెలకెత్తాలి. ఆయన పని చేస్తుంటే పక్కన పీట వేసుకు కూర్చుని చూశాను. దిమ్మను గోనెలో చుట్టి చెక్క సుత్తితో కొడతాడు. ముక్కలు చిన్నవి కావాలి, పెద్ద ముక్క అంచులు చేప ఒంటికి గాయం చేస్తాయి. పెట్టె అడుగున ఒక వరస ఐస్. పెద్ద సూరను పొట్ట చీరి, పేగు తీసి, లోపల రక్తం పోయేదాకా కడిగి, ఆ పొట్టలో గుప్పెడు గుప్పెడుగా ఐస్ కూరుతాడు. చేపను పొట్ట కిందికి వచ్చేలా పడుకోబెడతాడు. కరిగిన నీరు లోపల నిలవకుండా కిందికి జారిపోవాలి మరి. మళ్లీ ఐస్, మళ్లీ చేప, పైన జానెడు మందాన ఐస్. పెట్టె అడుగున ఒక మూల తూము ఉంటుంది.

‘సేప మీద సెయ్యెడితే తెలిసిపోద్ది బాబూ. వేలు గుచ్చితే గుంట పడి ఉండిపోకూడదు, పైకి లేసిపోవాల’ అన్నాడు.

ఆయన వేలు చెప్పేది నిజమే. కానీ సూర విషయంలో వేలు చాలదు. ఈ జాతి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం మెండు. చేప వెచ్చగా ఉన్న గంటల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. చేప చూపుకి బాగానే ఉంటుంది, వాసనా రాకపోవచ్చు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబారి, దద్దుర్లు లేచి, తల పగిలిపోతుంది. చేపలో పుట్టాక దాన్ని తీసేసే దారి లేదు, పుట్టకుండా చూసుకోవడమే. పట్టిన వెంటనే చల్లబరచాలి, చల్లగానే ఉంచాలి. ఐస్ నీళ్లలో పెడితే సున్నా చూపించే థర్మామీటరు ఒకటి చాలు. దాన్ని ముందు ఐస్ నీళ్లలో పెట్టి సరి చూసుకుని, ఆ తర్వాత చేప కండలోకి గుచ్చి చూడాలి. బాబాయ్‌కి అది ఇచ్చి చూపించాను. రెండు చేపలకు గుచ్చి, అంకె చూసి, వేలుతో నొక్కి, మళ్లీ అంకె చూశాడు. తన వేలికీ ఆ అంకెకీ లంకె కుదిరిందాకా వదల్లేదు.

ఇక ఐస్ ఎంత వెయ్యాలన్నది. బడిలో చదివిన లెక్కే: కిలో ఐస్ కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడి లాక్కుంటుంది. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించాలంటే పాతిక కిలో కేలరీల చిల్లర తియ్యాలి. అంటే వంద కిలోల చేపకు ముప్పై కిలోల పైచిలుకు ఐస్ సరిపోవాలి. మరి ఉష్ణదేశాల్లో చేపకు సమానంగా ఐస్ వెయ్యమని ఎందుకంటారు? మిగతా ఐసంతా పెట్టె గోడల్లోంచి గంట గంటకూ లోపలికి వచ్చే వేడికి బలవుతుంది. కాబట్టి దారిలో ఎన్ని గంటలన్నదే అసలు లెక్క. జిర్కాటంగ్ గేటు, పంటు దగ్గర వరస, తప్పిపోయిన కాన్వాయ్, ఇవన్నీ ఐస్ కిలోల్లోకి మార్చాల్సిన సంగతులు. ఆ లావుపాటి పుస్తకంలో ‘తగినంత ఐస్’ అని ఉంది. ఏప్రిల్ ఎండలో, చివరి కాన్వాయ్ తప్పిన రోజున తగినంత అంటే ఎంత? ఆ అంకె ఎక్కడా రాసి లేదు, బాబాయ్ తలలో తప్ప. ఆయనకు మోకాళ్ల నొప్పులు. వచ్చే ఏడాది కూతురి దగ్గరికి, సోంపేట వెళ్లిపోదామనుకుంటున్నాడు.

కంపెనీకి రాతలో మాన్యువల్ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగే జవాబు ఇదే. నాణ్యత నిర్వహణకు ఐఎస్ఓ 9001 ప్రమాణం 1987లో మొదలైంది. 2000, 2008 కూర్పుల్లో క్వాలిటీ మాన్యువల్ ఉండి తీరాలి, దానితోపాటు ఆరు పద్ధతులు కాగితం మీద ఉండాలి అనేవారు. 2015 కూర్పులో ఆ పట్టు వదిలేశారు. మీ పనికి అవసరమైనంత రాతపూర్వక సమాచారం ఉంచుకోండి, దానికి మాన్యువల్ అన్న పేరే అక్కర్లేదన్నారు. నాకది మంచి మార్పనిపించింది. బీరువాలో తాళం వేసి ఆడిట్ రోజున దుమ్ము దులిపే పుస్తకాలు చాలా చూశాను. కానీ అక్కర్లేదన్నది అట్ట మీది పేరు. బాబాయ్ తలలో ఉన్న అంకె ఎక్కడో ఒకచోట రాసి ఉండాల్సిందే.

ఆహారం వ్యాపారంలో ఈ రాతకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1960లలో అంతరిక్షయాత్రికుల తిండి కోసం నాసా, పిల్స్‌బరీ కంపెనీ కలిసి హాసప్ పద్ధతి తయారుచేశాయి. తయారైన సరుకును పరీక్షించి ఊరుకోకుండా, పనిలో ఎక్కడెక్కడ ప్రమాదం పుడుతుందో ముందే గుర్తించి అక్కడే కాపు కాయడం దాని సారం. మన సముద్ర ఉత్పత్తుల వాళ్లకు దాని విలువ 1997లో చేదుగా తెలిసింది. పరిశుభ్రత లోపాల వల్ల ఆ ఏడాది ఐరోపా సమాఖ్య మన చేపలు, రొయ్యల దిగుమతిని ఆపేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఫ్యాక్టరీనీ తనిఖీ చేశాకే మళ్లీ దారి తెరిచింది. అప్పట్లో మన తీరంలో హడావుడిగా రాసిన మాన్యువళ్ల నకళ్లకు నకళ్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. రంగత్‌లో రొయ్యల అధ్యాయం అలాంటి దారినే వచ్చి ఉండాలని నా ఊహ.

ఆ సాయంత్రం యజమాని నన్ను కత్‌బర్ట్ బే తీసుకెళ్లాడు. రంగత్ నుంచి మాయాబందర్ వెళ్లే దారిలో, పొడవైన ఇసుక తీరం. చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇక్కడ గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు తీసి కంచె వేసిన హేచరీలో మళ్లీ పాతిపెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. కాపలా ఉన్న బెంగాలీ పెద్దమనిషిని మావాడు దాదా అని పలకరించి, నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్లాడు. చూడ్డానికి వెళ్లిన నాకు అక్కడ నా పనే కనబడింది.

ఇసుకలో వరసగా గూళ్లు. ప్రతి గూటి నెత్తిన చిన్న చెక్క; దాని మీద నంబరు, గుడ్లు దొరికిన తేదీ, ఎన్ని గుడ్లు. ఆలివ్ రిడ్లీ ఒక కాన్పులో వందకు అటూ ఇటూగా పెడుతుంది. పొదగడానికి 45 నుంచి 60 రోజులు. దాదా హిందీలో వివరించాడు. గుడ్లు దొరికిన కొన్ని గంటల్లోనే తేవాలి, తెచ్చేటప్పుడు దొర్లనివ్వకూడదు. పిండం పెంకు లోపలి పొరకు అంటుకున్నాక గుడ్డు తిరగబడితే లోపల ప్రాణం పోతుంది. గొయ్యి తల్లి తవ్వినంత లోతే తవ్వాలి, తల్లి తవ్విన ఆకారంలోనే, మెడ సన్నగా, అడుగున కుండలా. ఇసుక వేడెక్కితే పిల్లలన్నీ ఆడవే అవుతాయి, చల్లబడితే మగవి. మరీ కాగితే ఏదీ మిగలదు. ఒక పక్క పైన నీడ కోసం వల కట్టి ఉంది.

పిల్లలు బయటికి వచ్చేశాక ఏం చేస్తారని అడిగాను. ‘తవ్వుతాం’ అన్నాడు. వచ్చినవి పోగా, గూడు పూర్తిగా తవ్వి, ఖాళీ పెంకులు ఒక కుప్ప, పొదగనివి ఒక కుప్ప, సగంలో ఆగిపోయినవి ఒక కుప్పగా వేసి లెక్కపెడతారు. చేతికి కుళ్లు వాసన పట్టి రెండు రోజులు పోదట. ఆ లెక్క రిజిస్టరులోకి ఎక్కుతుంది. కంచెలో ఒక మూల ఖాళీగా ఉంది. ఎందుకని అడిగితే, పోయిన ఏడు పెద్ద పోటుకు అక్కడిదాకా నీళ్లు వచ్చాయి, ఈ ఏడు ఆ మూలలో పెట్టలేదు అన్నాడు.

కంపెనీలకు నేర్పే చక్రం మొత్తం ఆ ఖాళీ మూలలో ఉంది. ముందు ఆలోచించు, చేయి, చూడు, దిద్దుకో. అమెరికాలో వాల్టర్ షూహార్ట్ దీనికి పునాది వేశాడు. గణాంకవేత్త మహలనోబిస్ పిలిస్తే 1947–48లో మన దేశానికి వచ్చి ఫ్యాక్టరీలకు నేర్పాడు కూడా. డెమింగ్ 1950లో జపాన్‌లో చెప్పిన పాఠాలు ఆ దేశపు ఫ్యాక్టరీల తీరే మార్చాయి. నాలుగు మెట్లలో మూడోది ఎప్పుడూ జనం దాటవేసేదే. పిల్లలు సముద్రంలోకి పరుగెత్తిన రోజున చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. కుళ్లిన గుడ్లు లెక్కపెట్టమని సందర్శకులెవరూ అడగరు. అయినా దాదా చెయ్యి పెట్టి తవ్వుతున్నాడు. మంచి మాన్యువల్ ఎలా ఉంటుందని ఎవరైనా నన్నడిగితే ఆ రిజిస్టరు చూపిస్తాను.

రాత్రి లాడ్జిలో కరెంటు పోయి, కొవ్వొత్తి వెలుగులో యజమానితో ఇదే మాట. ఆయనకో సందేహం: ‘మా వాళ్లు పెద్దగా చదువుకోలేదు అన్నగారూ. వాళ్లతో మాన్యువల్ ఏం రాయిస్తారు?’ నేను ఆయనకు రామచంద్రాపురం కథ చెప్పాను. హైదరాబాద్ దగ్గరి బీహెచ్ఈఎల్ కర్మాగారంలో 1980లో ఎస్.ఆర్. ఉడ్పా అనే అధికారి మన దేశంలోనే మొదటిసారిగా క్వాలిటీ సర్కిళ్లు మొదలుపెట్టారు. జపాన్‌లో ఇషికావా 1962లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు వారానికోసారి కూర్చుని తమ పనిలో ఇబ్బంది ఏదో తామే ఎంచుకుని, లెక్కలు తామే తీసి, దారి తామే వెతుకుతారు. రామచంద్రాపురంలో మొలిచినది ఎంత పాకిందంటే, 1982లో హైదరాబాద్‌లోనే క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. లేత్ ముందు నిలబడే ఫిట్టర్ తన మిషను గురించి ఇంజినీరుకు చెప్పగలిగినప్పుడు, ఐస్ కొట్టే బాబాయ్ పెట్టె గురించి మీకు చెప్పలేడా అన్నాను.

మర్నాడు పొద్దున్నే బాబాయ్, ఇద్దరు కుర్రాళ్లు, డ్రైవరు, లెక్కలు రాసే అమ్మాయి, యజమాని, నేను ఐస్ షెడ్డు ముందు చాప వేసుకుని కూర్చున్నాం. ఒక్క ఫిర్యాదే ఎత్తుకున్నాం: పెట్టెలో అట్టడుగు వరస చేపలు మెత్తబడి చేరుతున్నాయని చెన్నై నుంచి తరచూ వచ్చే మాట. ఐస్ తక్కువేమోనని యజమాని అనుమానం. పెట్టెలు పాతవని ఒక కుర్రాడన్నాడు. బాబాయ్ తల అడ్డంగా ఊపి, ‘ఐసు నేనే ఏత్తాను, సాలకపోవడం ఉండదు’ అన్నాడు. డ్రైవరు అంతసేపూ గడ్డి పరక తుంపుతూ కూర్చున్నాడు. తూము సంగతేమిటని నేనడిగితే, కాసేపటికి చెప్పాడు: తూము తెరిచి ఉంటే చేపల నీళ్లు పంటు మీదంతా కారతాయి. తోటి ప్రయాణికులు, ముఖ్యంగా చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు, గొడవ పెడతారు. అందుకని పంటు ఎక్కేముందు తూముల్లో గుడ్డ కుక్కేస్తాడు. దిగాక కాన్వాయ్ హడావుడిలో తీయడం మర్చిపోతాడు, పోర్ట్ బ్లెయిర్ దాకా. అడుగు వరస రక్తపు నీళ్లలో నానుతూ ప్రయాణం చేస్తోందన్నమాట.

ఎవరూ అతన్ని కోప్పడలేదు. కోప్పడితే ఇంకెప్పుడూ నోరు విప్పడని యజమానికి ముందే చెప్పి ఉంచాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. తూముకు చిన్న రబ్బరు గొట్టం తొడిగి, కింద మూతవున్న ఇరవై లీటర్ల క్యాను కట్టాలని చివరికి తేల్చింది లెక్కల అమ్మాయి. క్యాను నిండితే గాంధీఘాట్ దగ్గర పారబోద్దామని డ్రైవరు అన్నాడు. అక్కడ కాదు, సముద్రపు ఒడ్డున పారబోస్తే కాకులు, కుక్కలు చేరతాయి, ముందే పెద్ద క్యాను కట్టి పోర్ట్ బ్లెయిర్‌లో కాలవలో పొయ్యాలని బాబాయ్ సరిదిద్దాడు. మాన్యువల్‌లో ఈ పేజీ తెలుగులోనే రాశాం. ఎడమవైపు ఏం చెయ్యాలో, కుడివైపు ఎందుకు చెయ్యాలో. పంటు మీద తూము మూయకూడదు. కారణం, అడుగు వరస నీళ్లలో నానుతుంది. కుడివైపుది లేకుండా ఎడమవైపుది ఒక్కటే ఉంటే పంటు దగ్గర ఇంకో డ్రైవరు ఇంకో గుడ్డ కుక్కుతాడు. కొనుగోలుదారు కోసం ఇంగ్లిషు ప్రతి వేరే ఉంటుంది. దానికి మూలం ఇదే.

తిరుగు ప్రయాణం రంగత్ బే నుంచి ఓడలో. జెట్టీ మీద టికెట్ల వరసలో గంటలు నిలబడాలి. ఎవరి ఊళ్లో ఏ పెళ్లో, ఏ ఆసుపత్రో, వరసలో అందరి కబుర్లూ తెలిసిపోతాయి. ఓడ కోసం నిలబడి ఉంటే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఓడల కంపెనీలకు మాన్యువల్ రావడం వెనక ఒక పెద్ద దుఃఖం ఉంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి బయల్దేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ, బండ్లు ఎక్కే ముందువైపు తలుపులు మూయకుండానే కదిలి బోల్తా పడింది. 193 మంది చనిపోయారు. తలుపు మూయాల్సిన మనిషి నిద్రపోతున్నాడు. మూశాడనే మిగతావాళ్లు అనుకున్నారు. అంతకుముందే కొందరు కెప్టెన్లు, తలుపు మూశారో లేదో తెలిసేలా బ్రిడ్జి మీద ఒక చిన్న దీపం పెట్టమని యాజమాన్యాన్ని అడిగి ఉన్నారు. పెట్టలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1993లో ఓడల సురక్షిత నిర్వహణకు ఐఎస్ఎమ్ కోడ్ ఆమోదించింది. 1998 జులై 1 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల ఓడలకు అది తప్పనిసరి అయింది. అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఒక నియమం: ఒడ్డున ఒక మనిషి పేరు ఖాయంగా ఉండాలి, ఓడలో ఎవరైనా నేరుగా అతనికి చెప్పగలగాలి, అతను నేరుగా పై యాజమాన్యం గది తలుపు తట్టగలగాలి.

ఓడ ఎక్కేలోపు ఈ సంగతి యజమానికి చెబితే అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. మాన్యువల్ అట్ట లోపలివైపు ఆయన సొంత ఫోన్ నంబరు వేశాం. కాన్వాయ్ తప్పితే, ఐస్ తగ్గితే, థర్మామీటరు నాలుగు డిగ్రీలు దాటితే, ఏ వేళైనా డ్రైవరు గానీ ఐస్ కుర్రాళ్లు గానీ సూపర్‌వైజరును అడక్కుండా ఆయనకే ఫోన్ చెయ్యొచ్చు. నాలుగు దాటిన సూరను అమ్మకుండా పక్కన పెట్టాలి. ఆ నష్టం కంపెనీది, డ్రైవరు జీతంలో కొయ్యరు. ఈ చివరి వాక్యం రాయడానికి యజమాని కాస్త ఆలోచించాడు. రాశాక కింద సంతకం చేసి, తేదీ వేశాడు.

పాత పుస్తకం కంటే ఇది చాలా సన్నం. వానాకాలం సంగతి ఇంకా మిగిలి ఉంది. మే చివర నైరుతి రుతుపవనాలు దిగాక సముద్రం లేస్తుంది, ఓడలు రద్దవుతాయి, రోడ్డు మీద చెట్లు విరిగి పడతాయి, ఐస్ కరిగే తీరు మారుతుంది. ఫిబ్రవరిలో కూర్చుని ఆ అంకెలు నేను ఊహించి రాస్తే అది మళ్లీ ‘తగినంత ఐస్’ లాంటి మాటే అవుతుంది. బాబాయ్ సోంపేట ప్రయాణం దీపావళి దాకా వాయిదా వేసుకున్నాడు. ప్రతి బండికీ బయల్దేరినప్పుడు ఎంత ఐస్, చేరినప్పుడు ఎంత మిగిలింది, కండలో ఎన్ని డిగ్రీలు అని లెక్కల అమ్మాయి జూన్ నుంచి రాస్తుంది. ఐస్ మోతాదు పట్టికలో ‘వానాకాలం’ అన్న గడి గీసి ఖాళీగా ఉంచాం. సెప్టెంబరులో ఆ చాప మీదే కూర్చుని వాళ్లు నింపుతారు.